ఒకే పబ్లిక్ ఐపీ వెనుక వెబ్, మెయిల్ సర్వర్లు: ఫైర్‌వాల్‌లో దారులు వేయడం

చిన్న కార్యాలయాలకు సాధారణంగా ఉండేది ఒక్క స్టాటిక్ ఐపీ అడ్రస్. లోపల మాత్రం వెబ్‌సైట్ ఒక మెషీన్ మీద, మెయిల్ ఇంకొక మెషీన్ మీద నడుస్తుంటాయి. బయటి నుంచి వచ్చేవారికి రెండింటి చిరునామా ఒకటే కాబట్టి, ఎవరిని ఎటు పంపాలో తేల్చవలసింది ఫైర్‌వాలే. అందుకు దానికి దొరికే ఆనవాలు పోర్ట్ నంబర్. లినక్స్‌లో ఫైర్‌వాల్ రూల్స్ రాసే ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌ను దృష్టిలో పెట్టుకొని ఈ పద్ధతి రాస్తున్నాను. పీఎఫ్‌సెన్స్ వంటి మెనూలతో నడిచే ఫైర్‌వాల్‌లు వాడేవారికి మెనూలు వేరుగా కనిపించినా లోపల జరిగే పని దాదాపు ఇదే.

బయటి అడ్రస్ 203.0.113.25, సర్వర్ల వైపు ఫైర్‌వాల్ అడ్రస్ 192.168.10.1, వెబ్ సర్వర్ 192.168.10.10, మెయిల్ సర్వర్ 192.168.10.20 అనుకుందాం. సర్వర్లను సిబ్బంది కంప్యూటర్లతో కలపకుండా, ఫైర్‌వాల్‌కు మూడో నెట్‌వర్క్ కార్డు పెట్టి విడి నెట్‌వర్క్‌లో ఉంచాలి. వెబ్ సర్వర్‌లోకి ఎవరైనా చొరబడినా అకౌంట్స్ కంప్యూటర్ దాకా పోకుండా అడ్డుపడేది ఈ ఏర్పాటే.

ముందుగా కెర్నెల్‌లో ఐపీ ఫార్వర్డింగ్ (ఒక కార్డులో వచ్చిన ప్యాకెట్‌ను ఇంకో కార్డు గుండా పంపడం) విలువను 1 చేసి, రీబూట్ తర్వాత కూడా నిలిచేలా సెట్టింగుల ఫైలులో రాయండి. తర్వాత ప్రీరౌటింగ్ చైన్‌లో (ప్యాకెట్ ఎటు పోవాలో తేల్చకముందే చూసే రూల్స్ వరుసలో), 203.0.113.25 కోసం వచ్చే టీసీపీ 80, 443 పోర్టులను 192.168.10.10కు, 25, 465, 587, 993 పోర్టులను 192.168.10.20కు డీనాట్ చేయండి, అంటే ప్యాకెట్ గమ్యం అడ్రస్‌ను మార్చండి. వెబ్ సర్వర్ హెచ్‌టీటీపీ 3ను అందిస్తుంటే యూడీపీ 443 కూడా అటే పోవాలి.

డీనాట్ అడ్రస్‌ను మారుస్తుందే తప్ప అనుమతి ఇవ్వదు. అనుమతిని, ఫైర్‌వాల్ గుండా దాటిపోయే ప్యాకెట్లను చూసే ఫార్వర్డ్ చైన్‌లో విడిగా ఇవ్వాలి. ఆ చైన్ పాలసీని డ్రాప్‌గా (ఏ రూల్‌కూ సరిపడని ప్యాకెట్‌ను ఆపేలా) పెట్టి, ముందు ఎస్టాబ్లిష్డ్, రిలేటెడ్ (ఇప్పటికే మొదలైన, వాటికి సంబంధించిన) కనెక్షన్లను లోపలికి రానిచ్చి, ఆ కింద పైన చెప్పిన పోర్టులను తెరవాలి. ప్యాకెట్ ఇక్కడికి చేరేసరికి దాని గమ్యం మారిపోయి ఉంటుంది గనుక ఈ రూల్స్‌లో రాయవలసింది పబ్లిక్ అడ్రస్ కాదు, లోపలి అడ్రస్. రూల్ కళ్లెదుటే ఉన్నా కనెక్షన్ రావడం లేదని తల పట్టుకునేవారిలో చాలామంది పొరపడేది ఈ ఒక్క చోటే.

రెండు సర్వర్లకూ డీఫాల్ట్ గేట్‌వే 192.168.10.1 కావాలి. జవాబు వేరే రౌటర్ గుండా బయటికి పోతే, అవతలివారికి అది తాము అడగని చోటినుంచి వచ్చినట్లుంటుంది, కనెక్షన్ కుదరదు.

ఇక్కడే ఒక అడ్డదారి ఊరిస్తుంది: గేట్‌వే సరిచేయకుండా, లోపలికి వచ్చే ట్రాఫిక్‌ను కూడా మాస్కరేడ్ చేసేస్తే (పంపినవారి అడ్రస్ స్థానంలో ఫైర్‌వాల్ అడ్రస్ పెట్టేస్తే) అంతా పనిచేస్తున్నట్లే కనబడుతుంది. ఒకసారి నేను చేసిన పని ఇదే. తెల్లవారి మెయిల్ లాగ్ తెరిస్తే ప్రతి కనెక్షన్ పక్కనా 192.168.10.1 అనే ఒకే అడ్రస్ ఉంది. క్యూ నిండా ఎవరివో తెలియని ఉత్తరాలు. లోపలి నెట్‌వర్క్‌ను నమ్మమని మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్‌లో రాసి ఉండటంతో, లోకంలోని ప్రతి స్పామరూ దాని కంటికి ఇంటివాడే అయ్యాడు. కాబట్టి సోర్స్ అడ్రస్ మార్చే రూల్‌ను, లోపలి నెట్‌వర్క్‌లలో పుట్టి బయటి కార్డు గుండా వెళ్లే ప్యాకెట్లకే పరిమితం చేయండి. అప్పుడే మెయిల్ సర్వర్‌కు పంపేవారి అసలు అడ్రస్ తెలుస్తుంది, బ్లాక్‌లిస్టులూ, పదే పదే తప్పు లాగిన్లు చేసే అడ్రస్‌లను ఆపే ఫెయిల్‌2బ్యానూ పనిచేస్తాయి.

బయటికి వెళ్లే పోర్ట్ 25ను మెయిల్ సర్వర్‌కు మాత్రమే ఇవ్వండి. పబ్లిక్ అడ్రస్ ఒకటే కాబట్టి వెబ్ సర్వర్‌లోని పాత ప్లగిన్ ఒకటి హ్యాకై స్పామ్ పంపితే, బ్లాక్‌లిస్టుకు ఎక్కేది మీ మెయిల్ సర్వర్ వాడే అడ్రసే. వెబ్‌సైట్ నుంచి ఉత్తరాలు పోవాలంటే మెయిల్ సర్వర్‌కు 587లో లాగిన్ అయి పంపనివ్వండి.

డీఎన్‌ఎస్‌లో ఎమ్‌ఎక్స్ రికార్డు (మెయిల్ ఎటు పంపాలో చెప్పేది) ఒక పేరును చూపాలి, ఆ పేరుకు ‘A’ రికార్డు (పేరుకు ఐపీ అడ్రస్ చెప్పేది) ఉండాలి, సీనేమ్ (మరో పేరుకు మళ్లించేది) పనికిరాదు. మీ పేరుతో మెయిల్ పంపడానికి ఏ అడ్రస్‌లకు అనుమతి ఉందో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డులో పబ్లిక్ అడ్రస్ రాయండి. రివర్స్ డీఎన్‌ఎస్ (ఐపీ అడ్రస్ నుంచి పేరు చెప్పేది) సాధారణంగా ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ చేతిలో ఉంటుంది గనుక, మెయిల్ సర్వర్ తనను తాను చెప్పుకునే పేరునే పెట్టమని వారిని ముందే అడగండి.

సర్టిఫికెట్ దగ్గర ఒక చిక్కుంది. ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్, పేరు మీదేనా అని హెచ్‌టీటీపీ పద్ధతిలో పరీక్షించేటప్పుడు పోర్ట్ 80కే వస్తుంది, అది పోయేది వెబ్ సర్వర్‌కు. అందువల్ల మెయిల్ పేరు మీద వచ్చిన ఆ అభ్యర్థనను వెబ్ సర్వరే రివర్స్ ప్రాక్సీగా మెయిల్ సర్వర్‌కు అందించాలి, లేదా డీఎన్‌ఎస్‌లో రికార్డు పెట్టి నిరూపించే డీఎన్‌ఎస్ పద్ధతిని ఎంచుకోవాలి. నాకు రెండోదే నచ్చుతుంది. అందులో ఒక సర్వర్ ఇంకొకదాని మీద ఆధారపడదు.

డీనాట్ రూల్‌ను బయటి కార్డుకు కట్టేస్తే కార్యాలయంలోనివారికి సొంత వెబ్‌సైటే తెరుచుకోదు. లోపలి డీఎన్‌ఎస్‌లో అవే పేర్లకు లోపలి అడ్రస్‌లు ఇచ్చి, సిబ్బంది నెట్‌వర్క్ నుంచి ఆ పోర్టులకు ఫార్వర్డ్ చైన్‌లో అనుమతిస్తే సరిపోతుంది.

పరీక్ష ఎప్పుడూ బయటి నుంచే చేయాలి. మొబైల్ డేటాలో బ్రౌజర్ తెరిచి చూడవచ్చు. పోర్ట్ 25ను చాలా నెట్‌వర్క్‌లు ఆపుతాయి గనుక దానికి అద్దె సర్వర్ ఒకటి ఉంటే మేలు. టెల్‌నెట్‌లో 220తో మొదలయ్యే పలకరింపు రావాలి. రాకపోతే ఫైర్‌వాల్ బయటి కార్డు, సర్వర్ల వైపు కార్డు రెండింటి మీదా టీసీపీడంప్ (వచ్చిపోయే ప్యాకెట్లను చూపే పనిముట్టు) నడపండి: బయటి కార్డులో కూడా ప్యాకెట్ లేకపోతే దాన్ని మధ్యలోనే ఎవరో ఆపారు; బయట కనబడి లోపలి కార్డులో లేకపోతే తప్పు మీ రూల్స్‌లో ఉంది; లోపలికీ వెళ్లి జవాబు రాకపోతే సర్వర్ గేట్‌వేను, దాని సొంత ఫైర్‌వాల్‌ను చూడండి. నాట్ రూల్స్‌ను ప్రతి కనెక్షన్‌లో మొదటి ప్యాకెట్‌కే చూస్తారు గనుక, రూల్ మార్చినప్పుడల్లా కొత్త కనెక్షన్‌తోనే పరీక్షించాలి.