ట్రెడ్‌మిల్లా, సైకిలా, క్రాస్ ట్రైనరా: ముందు మీ మోకాళ్లను అడగండి

నెల్లూరులో ఎండాకాలం పొద్దున ఏడు దాటితే బయట నడవడం కష్టం, రోహిణి కార్తెలో అయితే ఆరున్నరకే చెమటలు. మన వైపు అసలు వానలు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి ఆ మూడు నెలలు గ్రౌండ్ నడక కూడా సరిగ్గా సాగదు. ఇక జిమ్మే గతి అని డబ్బు కట్టి చేరతాం. చేరిన రోజు నేరుగా వెళ్లి ఎక్కేది ట్రెడ్‌మిల్, ఎందుకంటే నడవడం మనకు వచ్చు, మిగతావి ఎట్లా వాడాలో తెలియదు, అడగడానికి మొహమాటం.

నేనూ అలాగే ఎక్కాను. అప్పుడు 92 కిలోలున్నాను. ట్రైనర్ స్పీడు 10 పెట్టి పరిగెత్తమన్నాడు, కొవ్వు త్వరగా కరుగుతుందన్నాడు. మూడో వారానికి కుడి మోకాలు వాచింది, నెల రోజులు మెట్లెక్కలేకపోయాను. ఆ రోజే ఎవరైనా పక్కనున్న సైకిల్ చూపించి ఉంటే ఆ నెల పోయేది కాదు, అందుకే ఇది రాస్తున్నాను.

అందరూ అడిగే ప్రశ్న ఒకటే, ఏ మెషిన్ మీద ఎక్కువ క్యాలరీలు ఖర్చవుతాయి అని. ఆ లెక్క పెట్టుకుని మెషిన్ ఎంచుకోకండి. స్క్రీన్ మీద కనిపించేది ఒక అంచనా మాత్రమే, మీ బరువు కొట్టకపోతే అది ఇంకెవరి బరువుతోనో లెక్క వేస్తుంది, మీరు కడ్డీ పట్టుకుని వేలాడుతున్నా దానికి తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, అంటే రోజుకు 30 నిమిషాల చొప్పున ఐదు రోజులు. ఆ ఐదు రోజులూ నొప్పి లేకుండా, విసుగు పుట్టకుండా మీరు ఏ మెషిన్ మీద ఉండగలరో అదే మీ మెషిన్.

మధ్యస్థం అంటే ఎంత? పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అంకెలు కావాలంటే 220 లోంచి మీ వయసు తీసేయండి, 45 ఏళ్లవాళ్లకు 175 వస్తుంది, అందులో 50 నుంచి 70 శాతం, అంటే గుండె నిమిషానికి సుమారు 88 నుంచి 122 సార్లు కొట్టుకోవాలి. ఇది అందరికీ కచ్చితంగా సరిపోయే లెక్క కాదు. బీపీకి అటెనోలోల్, మెటోప్రొలోల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లకు అవి గుండె వేగాన్ని పెరగనివ్వవు కాబట్టి అంకెలు వదిలేసి ఊపిరిని చూసుకోండి.

మోకాళ్లు బాగుంటే ట్రెడ్‌మిల్ మంచిదే. ఒంటి బరువు కాళ్ల మీద పడుతుంది కాబట్టి ఎముకలకు కూడా మేలు. పరిగెత్తాల్సిన పని లేదు, స్పీడు గంటకు 5 నుంచి 6 కిలోమీటర్ల మధ్య పెట్టి, ఇంక్లైన్ (బెల్టు ముందువైపు ఎత్తు) 3 తో మొదలుపెట్టి మెల్లగా 5 దాకా పెంచుకుంటూ పోతే నడకలోనే ఆయాసం వస్తుంది. బెల్టు వేగంగా కదులుతుండగా ఎక్కొద్దు, పక్క పట్టీల మీద నిలబడి స్టార్ట్ చేసి, మెల్లగా కదులుతున్నప్పుడు కాలు పెట్టండి, జారితే మెషిన్‌ను ఆపేసే ఆ ఎర్ర క్లిప్పు చొక్కాకు తగిలించుకోండి. మా నాన్న ఇంక్లైన్ 8 పెట్టి రెండు చేతులా ముందు కడ్డీ పట్టుకుని వెనక్కి వాలి నడిచేవాడు. "అట్టా పట్టుకుంటే ఎట్టా నాన్నా, ఎత్తు పెట్టిందంతా దండగైపోతుంది" అంటే "పడిపోతానేమోరా" అన్నాడు. పడిపోతాననిపిస్తే ఇంక్లైన్ తగ్గించాలి, స్పీడు తగ్గించాలి, చేతులు వదలగలిగినంత వరకే మీ స్థాయి.

మోకాలు నొప్పి, బాగా బరువు, లేదా షుగర్ వల్ల అరికాళ్లు తిమ్మిరెక్కడం ఉంటే సైకిల్‌తో మొదలుపెట్టండి. కాలు ఎక్కడ పడుతుందో సరిగ్గా తెలియనివాళ్లకు కదిలే బెల్టు ప్రమాదం. నడుం నొప్పి ఉన్నవాళ్లకు వెనక్కి ఆనుకుని కూర్చునే సైకిల్ ఉంటే ఇంకా మంచిది. ఇక్కడ జరిగే తప్పు సీటు ఎత్తు. మామూలు సైకిల్ మీద కూర్చుని మడమ పెడల్ మీద పెట్టి కిందికి తొక్కండి, కాలు పూర్తిగా చాచుకోవాలి, ఆ తర్వాత పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొంచెం వంగి ఉంటుంది, అదీ సరైన ఎత్తు. సీటు కిందికి ఉంటే మోకాలి చిప్ప ముందు నొప్పి పుడుతుంది, అప్పుడు సైకిల్ పడలేదనుకుని మానేస్తారు.

క్రాస్ ట్రైనర్ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. నిలబడే చేస్తాం, కానీ పాదం పెడల్ మీంచి లేవదు కాబట్టి పరుగులో ఉండే దెబ్బ మోకాలికి తగలదు. నడిస్తే బాగుంది, పరిగెత్తితే నొప్పి అనేవాళ్లు దీన్ని చూడండి. చేతుల కడ్డీలు కూడా తోసి లాగండి, ముందుకు వాలిపోకండి. కొత్తలో ఐదు నిమిషాలకే తొడలు మండుతాయి, రెసిస్టెన్స్ (పెడల్ బిగువు) తగ్గించుకుంటే సరిపోతుంది.

పడవ తెడ్డు వేసినట్టు కూర్చుని లాగే రోయింగ్ మెషిన్ మీ జిమ్‌లో ఉంటే అదృష్టం, కాళ్లు, వీపు, చేతులు అన్నీ పనిచేస్తాయి. కానీ చాలామంది చేతులతోనే లాగుతారు. మైపాడు సముద్రం ఒడ్డున అలివి వల (ఒడ్డు మీంచి లాగే పెద్ద చేపల వల) లాగేవాళ్లను చూడండి, కాళ్లు ఇసుకలో తన్నిపెట్టి ఒంటి బరువుతో లాగుతారు. ఇక్కడా అంతే: ముందు కాళ్లతో తన్నాలి, తర్వాత నడుం వెనక్కి, చివర్లో చేతులు, తిరిగి వచ్చేటప్పుడు చేతులు, నడుం, కాళ్లు. గాలి చక్రం ఉన్న మెషిన్‌కు పక్కనుండే మీటను 10లో పెట్టడం బలం కాదు, 3 నుంచి 5 చాలు. డిస్కు సమస్య ఉంటే డాక్టరును అడగకుండా దీని జోలికి వెళ్లకండి. మెట్ల మెషిన్, ఎయిర్ బైక్ (చేతులతో కూడా తోసే ఫ్యాన్ సైకిల్) గుండెను చాలా త్వరగా పరిగెత్తిస్తాయి, కొత్తవాళ్లు మొదటి నెల వాటిని పక్కన పెట్టండి.

నలభై దాటి బీపీ, షుగర్ ఉంటే చేరకముందే డాక్టరుకు చూపించుకోండి. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వాడేవాళ్లకు వ్యాయామంలో షుగర్ పడిపోవచ్చు, జేబులో గ్లూకోజ్ ఉంచుకోండి. మెషిన్ మీద ఛాతీ పట్టేసినట్టుంటే, ఎడమ చెయ్యి, దవడ లాగుతుంటే, చల్లటి చెమట పడితే గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుని కూర్చోవద్దు, దిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మొదటి రెండు వారాలు ఏదీ తేల్చుకోకండి. రోజుకో మెషిన్ మీద తక్కువ స్థాయిలో పది, పదిహేను నిమిషాలు చేసి, మర్నాడు పొద్దున ఇంటి మెట్లు దిగేటప్పుడు గమనించండి. తొడల్లో బరువుగా ఉంటే ఫరవాలేదు, రెండు మూడు రోజుల్లో పోతుంది. మోకాలి లోపల గుచ్చినట్టుంటే సీటు ఎత్తో, ఇంక్లైనో తప్పు, సరిచేసి ఇంకోసారి చూడండి, అప్పటికీ ఉంటే ఆ మెషిన్ మీకు వద్దు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ట్రెడ్‌మిళ్లు ఖాళీ ఉండవు కాబట్టి రెండోది ఒకటి చేతిలో ఉండాలి. మా నాన్న ఇప్పుడు సోమ, బుధ, శుక్రవారాలు ఆనుకునే సైకిల్, మిగతా రెండు రోజులు ట్రెడ్‌మిల్ మీద ఇంక్లైన్ 2 పెట్టుకుని, చేతులు వదిలేసి నడుస్తున్నాడు.