చదువుతుంటే తెలియని మాట ఎదురైతే అర్థం ఎలా పట్టుకోవాలి?

కథ చదువుతుంటే మధ్యలో ఒక కొత్త మాట తగులుతుంది. కొందరు దాన్ని దాటేసి ముందుకు పోతారు. కొందరు వెంటనే ఫోన్ తీసి వెతుకుతారు. ఫోన్ తీసేముందు ఒక్క నిమిషం ఆ మాట దగ్గర ఆగి చూడండి.

1. పేరా చివరిదాకా చదవండి

"పొద్దుగూకింది. చెరువుకట్ట మీదికెల్లి ఒక్కదాన్నే పోవాల్నంటే బుగులు పుట్టింది. మా చిన్నోన్ని తోడు రమ్మన్న." ఇది తెలంగాణ తెలుగు. కోస్తాలో పెరిగినవారికి 'బుగులు' కొత్త మాట కావచ్చు. కానీ చీకటి పడింది, మనిషి ఒంటరిగా ఉంది, తోడు పిలిచింది. అంటే అది భయమే అయ్యుండాలి. ఇప్పుడు 'బుగులు' ఉన్నచోట 'భయం' పెట్టి మళ్లీ చదవండి, అతుకుతుంది. 'కోపం' పెట్టి చూడండి, తోడు పిలవడంతో పొసగదు. అర్థం దొరికిందని గట్టిగా అనిపించినా ఇలా సరిచూసుకోవడం మానొద్దు.

ఒక్కోసారి పూర్తి అర్థం అప్పటికప్పుడు అక్కర్లేదు. "కయ్యలో నీళ్లు నిలిచాయి, రేపు నాట్లు" అని ఉంటే అది పొలం మాటని తెలుస్తుంది, కథ ఆగదు. నెల్లూరు, చిత్తూరు వైపు వరిమడిని కయ్య అంటారు.

2. మాటను విడదీయండి

సంస్కృతం నుంచి వచ్చిన పెద్ద మాటల దగ్గర ఇది చాలా ఉపయోగం. నిష్క్రమణ, అతిక్రమణ, సంక్రమణ అన్నీ 'క్రమణ' చుట్టూ అల్లినవే. దాని మూలంలో ఉన్నది అడుగు వేయడం. బయటికి అడుగు వేస్తే నిష్క్రమణ, హద్దు దాటి వేస్తే అతిక్రమణ, ఒకచోటి నుంచి మరోచోటికి చేరితే సంక్రమణ. సూర్యుడు మకరరాశిలోకి చేరే రోజుకు సంక్రాంతి అనే పేరూ, ఒకరి నుంచి ఒకరికి పాకే జబ్బులకు సంక్రమిత వ్యాధులనే పేరూ అలాగే వచ్చాయి. ఇలా ముందు చేరే ఉపసర్గలు సంస్కృతంలో 22 ఉన్నాయి. ఓ పది తెలిసినా పేపర్లో సంపాదకీయం చదవడం తేలికవుతుంది.

తెలుగు మాటలు కలిసేటప్పుడు అక్షరం మారుతుంది. కూర, కాయలు కలిస్తే కూరగాయలు. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. పద్యంలో 'పూచెను గలువలు' అని ఉంటే నిఘంటువులో 'గలువ' ఎక్కడా దొరకదు, 'కలువ' కోసం చూడాలి. గ దగ్గర దొరకని మాట క దగ్గర, ద దగ్గర దొరకనిది త దగ్గర, వ దగ్గర దొరకనిది ప దగ్గర ఉండొచ్చు.

3. తెలిసిన మాటను కూడా అనుమానించండి

కొత్త మాట దగ్గర ఎలాగూ ఆగుతాం. తెలుసనుకున్న మాట దగ్గర ఆగం, అందుకే అక్కడే ఎక్కువ పొరపడతాం. ఎర్రగడ్డ అంటే హైదరాబాద్‌వాళ్లకు ఒక పేట. రాయలసీమ కథలో ఎర్రగడ్డలు తరుగుతున్నారంటే అవి ఉల్లిపాయలు. పాత కావ్యాల్లో 'కంపు' సువాసన కూడా కావచ్చు. 'చీర' ఒకప్పుడు ఆడవాళ్ల బట్టకే కాదు, మామూలుగా బట్టకే పేరు. వాక్యం ఎక్కడైనా వంకరగా తోస్తే, అందులో మీకు బాగా తెలిసిన మాటనే మళ్లీ చూడండి.

4. అప్పుడు నిఘంటువు తెరవండి

ఆంధ్రభారతి సైట్లో చాలా నిఘంటువులను ఒకేసారి వెతకొచ్చు. 1852 నాటి బ్రౌన్ నిఘంటువు, 1885 నాటి శబ్దరత్నాకరం వంటి పాతవాటిలో మాట ఏ రూపంలో ఉంటుందో తెలియక చాలామంది 'లేదు' అనుకుని వదిలేస్తారు. 'పుస్తకం' అక్కడ 'పుస్తకము'. 'పోయి' కావాలంటే 'పోవు' చూడాలి. చెరువు, గుర్రం, మర్రి వంటివి బండి ఱ తో చెఱువు, గుఱ్ఱము, మఱ్ఱి అని ఉంటాయి. వ్యవసాయం, చేనేత మాటలకైతే భద్రిరాజు కృష్ణమూర్తి మొదలుపెట్టిన మాండలిక వృత్తి పదకోశం చూడండి. తొలి సంపుటం 1962లో వ్యవసాయ పదాలతో వచ్చింది.

అక్కడా దొరక్కపోతే ఆ ప్రాంతం మనిషిని అడగండి. మాట ఒక్కటే కాదు, వాక్యమంతా చదివి వినిపించి అడగాలి.

5. వాక్యంతో సహా రాసుకోండి

'బుగులు అంటే భయం' అని రాసుకుంటే వారంలో మర్చిపోతాం. చెరువుకట్ట వాక్యం మొత్తం రాసి, కింద రెండు గీతలు ఖాళీగా వదలండి. అదే మాట ఇంకో కథలో కనబడిన రోజున ఆ వాక్యాన్ని అక్కడ చేర్చాలి.