ఒప్పందంలో ‘ఇందులో లేనివి’ కూడా రాసుకోండి

పలాసలోని ఒక జీడిపప్పు ఫ్యాక్టరీకి సరుకు లెక్కల సాఫ్ట్‌వేర్ తయారుచేయడానికి ఒప్పుకునేవారు, ఆ పనిలో ఏమేమి ఉంటాయో రాసినంత శ్రద్ధగా, ఏమేమి ఉండవో కూడా అదే కాగితంపై రాసి యజమాని సంతకం తీసుకోవాలి. నా దృష్టిలో ఈ రెండో జాబితాయే ముఖ్యం.

‘స్టాకు రిపోర్టు’ అని ఒక్క మాట రాసి ఊరుకుంటే, తయారుచేసేవారు మొత్తం కిలోలు చూపిస్తే చాలనుకుంటారు. యజమాని మాత్రం విరగని పప్పును సైజును బట్టి విడదీసే డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 గ్రేడ్‌ల నిల్వ వేరువేరుగా, బద్ద, ముక్క విడివిడిగా, పిక్క ఉడికించడం మొదలు పొట్టు తీసేదాకా ఏ దశలో ఎంత తరుగు వచ్చిందో సహా కనిపించాలని ఆశిస్తారు. అందుకే ‘గ్రేడ్‌లవారీ నిల్వ, దశలవారీ తరుగు ఉంటాయి, కిలో లెక్కన ఇచ్చే కూలి పద్దు, జీఎస్టీ బిల్లులు ఉండవు’ అని విడమరచి రాయాలి.

తర్వాత పనిని చిన్న భాగాలుగా విడగొట్టాలి. ఆ భాగాలన్నీ కలిపితే ఒప్పుకున్న పని మొత్తం రావాలి, అంతకు మించి ఏదీ ఉండకూడదు. ప్రాజెక్టు నిర్వహణలో దీన్ని నూరు శాతం సూత్రం అంటారు.

మధ్యలో యజమాని కూలి పద్దు కూడా కావాలంటే కాదనవలసిన అవసరం లేదు. అయితే దానికి అదనంగా పట్టే రోజులు, అయ్యే ఖర్చు, వెనక్కి జరిగే గడువు రాసి చూపించి, ఆయన ఒప్పుకున్నాకే మొదలుపెట్టాలి. ఫోనులో చెప్పిన మార్పునైనా అదే రోజు వాట్సాప్‌లో రాసి పంపి, జవాబు తీసుకోవాలి.