బ్రౌజర్‌లో పదే పదే లేచే హెచ్చరికలు: సమస్య - పరిష్కారం

పాలకొల్లులోని మా రిపేరు దుకాణానికి రొయ్యల రైతులు, కొబ్బరి వ్యాపారులు తెచ్చే కంప్యూటర్లలో తరచుగా వినిపించే ఫిర్యాదు, "వైరస్ ఉంది" అన్న పెట్టె ఎన్నిసార్లు మూసినా మళ్ళీ లేస్తోందన్నదే. దాన్ని నొక్కే ముందు అది తెరపై ఎక్కడ లేస్తోందో గమనిస్తే, కారణం చాలావరకు అక్కడే తెలుస్తుంది.

సమస్య: పెట్టె కుడివైపు కింది మూలన వస్తుంది, సైటు మూసినా ఆగదు.

కారణం: ఇది సాధారణంగా వైరస్ కాదు, మనం ఇచ్చిన అనుమతే. రొయ్యల ధర వెతుకుతున్నప్పుడో, సినిమా చూడబోతున్నప్పుడో "మీరు రోబో కాకపోతే అలో నొక్కండి" అని ఏదో పేజీ అడిగితే నొక్కి ఉంటారు. నోటిఫికేషన్లు పంపే హక్కు దానికి అప్పుడే దక్కింది.

పరిష్కారం: క్రోమ్‌లో పైన కుడివైపున్న మూడు చుక్కలను నొక్కి, సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ వరుసగా తెరిచి, అనుమతి పొందిన సైట్లలో మీకు తెలియని ప్రతి పేరు పక్కనా బ్లాక్ ఎంచుకోవాలి. జాబితా నుంచి తీసివేస్తే ఆ సైటు మళ్ళీ అడగగలదు కనుక బ్లాక్ చేయడమే మేలని నా అభిప్రాయం. చాలామంది హిస్టరీ చెరిపి ఊరుకుంటారు. అది ఒక్కటే చెరిపితే ఈ అనుమతి పోదు.

సమస్య: పేజీ నడిమధ్య పెట్టె, ఓకే నొక్కిన కొద్దీ మళ్ళీ లేస్తుంది.

పరిష్కారం: పేజీలోని స్క్రిప్టే (అందులో రాసి ఉన్న చిన్న ప్రోగ్రామే) దాన్ని తెప్పిస్తోంది కాబట్టి ట్యాబ్ మూయాలి, మూసుకోకపోతే షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి, క్రోమ్ టాస్క్ మేనేజర్‌లో ఆ ట్యాబ్‌ను ముగించాలి. ఆ పెట్టెలో కనిపించే ఫోన్ నంబరుకు ఎట్టి పరిస్థితిలోనూ కాల్ చేయకూడదు.

సమస్య: ఏ సైటు తెరిచినా "కనెక్షన్ ప్రైవేటు కాదు" అంటుంది.

కారణం: ముందుగా కంప్యూటర్ గడియారం, తేదీ చూడండి. కంప్యూటర్ లోపలి ప్రధాన బోర్డు, అంటే మదర్‌బోర్డుపై ఉండే రూపాయి బిళ్ళంత సెల్లు (చాలా డెస్క్‌టాప్‌లలో సీఆర్ 2032 రకం) అయిపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఏళ్ళ వెనక్కి జారుతుంది. దాంతో సైట్ల భద్రతా సర్టిఫికెట్లు (సైటు అసలైనదేనని చూపే ధ్రువపత్రాలు) చెల్లే కాలం ఇంకా మొదలు కానట్టు బ్రౌజర్ లెక్కగడుతుంది.

పరిష్కారం: తేదీ సరిచేసి, సెల్లు మార్చాలి, బ్రౌజర్ సెట్టింగులతో పని లేదు. తేదీ సరిగ్గానే ఉండి ఒక్క సైటే అలా చెబుతుంటే, అక్కడ పాస్‌వర్డ్ ఇవ్వకుండా వెనక్కి రావాలి.

ఇవన్నీ చక్కబెట్టాక అడంగల్ ప్రింటు తెరుచుకోకపోతే పాప్-అప్ (సైటు తెరిచే కొత్త కిటికీ) అడ్డగింపును మొత్తంగా ఎత్తేయకుండా, అడ్రస్ పట్టీ చివర కనిపించే గుర్తు నొక్కి ఆ ఒక్క సైటుకే అనుమతించాలి.