కొండ మీది పోరులో ఒక్క రోజును చదివే పద్ధతి

పర్వత యుద్ధాల గురించి చదివేవారిలో చాలామంది శిఖరం మీద జెండా ఎగిరిన క్షణాన్ని ముందు పట్టుకుని, అక్కడి నుంచి వెనక్కి వస్తారు. అలా చదివితే ఆ కొండ ఎక్కిన పదాతి సైనికుడి రోజు మనకు అందదు. కొండ పాదం దగ్గర, ముందురోజు సాయంత్రం నుంచి మొదలుపెట్టాలి. 1999 కార్గిల్ యుద్ధంలో జూన్ 13న మన సైన్యానికి దక్కిన తోలోలింగ్ శిఖరాన్ని ఉదాహరణగా పెట్టుకుని ఆ పద్ధతిని వివరిస్తాను.

మొదట పటం తీసుకోండి. తోలోలింగ్ ఉన్న ద్రాస్ పరిసరాల్లో 'పాయింట్ 5140', 'పాయింట్ 4875' వంటి పేర్లు కనిపిస్తాయి. ఆ అంకె ఆ శిఖరం ఎత్తు, మీటర్లలో. ద్రాస్ పట్టణమే 3,200 మీటర్లకు పైన ఉంది. తూర్పు కనుమల్లో మనకున్న అత్యున్నత శిఖరాలు కూడా 1,700 మీటర్లకు లోపే కాబట్టి, ఆ సైనికుడు ఎక్కడం మొదలుపెట్టిన చోటే మన కొండలకు దాదాపు రెట్టింపు ఎత్తు. అక్కడి నుంచి పాయింట్ 5140 మీదికి ఇంకో 1,900 మీటర్లు ఎక్కాలి. నాలుగున్నర వేల మీటర్లు దాటాక గాలిలో ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్ర తీరంలో అందేదానికంటే నలభై శాతానికి పైగా తక్కువ.

తరువాత కాంటూరు రేఖలు, అంటే పటంలో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, చూడండి. అవి ఎంత దగ్గరగా ఉంటే వాలు అంత నిటారు. పైన శత్రువు మరుగు కోసం రాళ్లు పేర్చి కట్టిన సంగర్లు ఎక్కడున్నాయో పెన్సిలుతో గుర్తుపెట్టి, ఒక్కొక్క దాని నుంచి కిందికి గీతలు గీయండి. చెట్టు చేమ లేని ఆ వాలు మీద పై నుంచి కనిపించని మరుగు ఎంత తక్కువో అప్పుడు తెలుస్తుంది. పైకి పోయే దారులు ఒకటి రెండు సన్నని కొండ వెన్నులే కాబట్టి, వందమందికి పైగా ఉన్న కంపెనీ అనే సైనిక దళం కూడా ఒకరి వెనుక ఒకరుగా సాగి, చివరి అంచున నలుగురైదుగురితోనే శత్రువును తాకగలుగుతుంది. మైదానంలో కాపు కాసే ఒకరికి దాడి చేసేవారు ముగ్గురు చాలంటే, కొండల్లో ఆరుగురి నుంచి తొమ్మిదిమంది దాకా కావాలని సైనికులు చెప్పే లెక్క ఇక్కడి నుంచే పుట్టింది. నియంత్రణ రేఖ దాటరాదని ప్రభుత్వం నిర్ణయించడంతో, వెనుక నుంచి చుట్టుముట్టి సరఫరా తెంచే దారులు కూడా చాలా వరకు మూసుకుపోయాయి. ఈ సంగతి మరచి ఎదురుగా ఎందుకు ఎక్కారని అడగడం న్యాయం కాదు.

ఇక పంచాంగం తెరవండి. చాలామంది వదిలేసే పని ఇదే, నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చేదీ ఇదే. జూన్ నెలలో ద్రాస్‌లో రాత్రి ఎనిమిది దాటితే గాని చీకటి పడదు, తెల్లవారుజామున అయిదుకు ముందే వెలుతురు వస్తుంది. అంటే ఎక్కడానికి, తాకడానికి, నిలదొక్కుకోవడానికి కలిపి ఉన్న చీకటి ఎనిమిది గంటలో, ఇంకా తక్కువో. 1999 జూన్ 13 ప్రమాది నామ సంవత్సర అధిక జ్యేష్ఠ అమావాస్య, కాబట్టి తోలోలింగ్ మీద తుది దాడి జరిగిన రాత్రి వెన్నెల లేదు. ఆ దాడి చేసిన రెండవ రాజ్‌పుతానా రైఫిల్స్ దళమే జూన్ 28 రాత్రి నోల్, త్రీ పింపుల్స్ అనే కొండల మీదికి వెళ్లినప్పుడు నిజ జ్యేష్ఠ పౌర్ణమి. మన పల్లెల్లో ఏరువాక పున్నమి నాటి ఆ వెన్నెలలో, మరుగు లేని వాలు మీద ప్రతి కదలికా పైవారికి కనిపించింది. హైదరాబాదులో పుట్టిన మేజర్ పద్మపాణి ఆచార్య ఆ దాడిలోనే ప్రాణాలర్పించారు, ఆయనకు మరణానంతరం మహావీర చక్ర లభించింది. ఆ రెండు రాత్రులను పక్కపక్కన పెట్టి చదవకుండా రెండవదాని ధైర్యాన్ని తూచలేము.

వీపు మీది బరువును కూడా లెక్కించండి. తుపాకి, తూటాలు, గ్రెనేడ్లు, నీళ్లు, చలి దుస్తులు అన్నీ మనిషే మోయాలి. తూటాలు పెంచితే తిండి తగ్గించుకోవాలి. లీటరు నీళ్లంటే కిలో బరువు. వృత్తాంతంలో ఎవరైనా ఆకలి గురించి ఒక్క మాట రాస్తే దాని కింద గీత గీయండి.

ఆపైన ఒక కాగితం మీద గంటలవారీగా నిలువు గీత గీసి, ఫిరంగుల కాల్పులు ఎప్పుడు మొదలయ్యాయో, ఎప్పుడు ఆగాయో రాయండి. బోఫోర్స్ ఫిరంగి 155 మిల్లీమీటర్ల గుండు ఒక్కొక్కటి నలభై కిలోలు దాటుతుంది. అది సంగర్ మీద పడుతున్నంతసేపు లోపలివారు తల ఎత్తలేరు. అయితే మనవాళ్లు దగ్గరపడగానే ఆ కాల్పులు ఆపాలి, లేదా వెనుక వైపుకు జరపాలి. అప్పటి నుంచి లోపలివాడు తిరిగి మెషిన్‌గన్ దగ్గరకు చేరేలోపు ఉండేది కొద్దిపాటి వ్యవధి. ఎదురుగా వాలు, అందని ఊపిరి, చేతిలో గ్రెనేడు. పదాతి సైనికుడి రోజంతా ఆ కొద్ది నిమిషాల కోసమే. కాగితం మీద ఆ భాగాన్ని పెద్దదిగా గీసుకుని, ఎవరు ఎక్కడున్నారో పేరు పేరునా అక్కడే రాయండి.

ఆ రాత్రి వచ్చినవారి పేర్లతో సరిపెట్టవద్దు. రాజ్‌పుతానా రైఫిల్స్ కంటే ముందు అదే వాలు మీద 18వ గ్రెనేడియర్స్ వారాల తరబడి ప్రయత్నించి, మేజర్ రాజేశ్ అధికారి, లెఫ్టినెంట్ కర్నల్ ఆర్. విశ్వనాథన్ వంటివారిని కోల్పోయింది. శత్రువు తుపాకులు ఎక్కడున్నాయో తరువాతివారికి తెలిసింది వారు చెల్లించిన మూల్యం వల్లే. జూన్ 13న రాజ్‌పుతానా రైఫిల్స్‌కు చెందిన మేజర్ వివేక్ గుప్తా కూడా అక్కడే నేలకొరిగారు.

శిఖరం దక్కిన గంట దగ్గర గీతను ఆపవద్దు. ఎదురుదాడికి కాపలా, గాయపడినవారిని దించడం, తూటాలు, నీళ్లు పైకి చేర్చడం, ఇవన్నీ పట్టపగలు పై శిఖరాల నుంచి శత్రువు చూస్తుండగానే జరగాలి. ఆ పై శిఖరాల్లో ఒకటైన పాయింట్ 5140 జూన్ 20న 13వ జమ్ము కశ్మీర్ రైఫిల్స్‌కు దక్కింది. మీ నిలువు గీతను కనీసం అక్కడిదాకా పొడిగించండి.