ఇంట్లో హింస నుంచి బయటపడుతున్న సహోద్యోగినికి ఆఫీసు ఎలా అండగా నిలవాలి?

ఎండాకాలంలో ఫుల్‌హ్యాండ్స్ వేసుకొస్తే ఆఫీసులో ఎవరో ఒకరు గమనిస్తారు. గమనించి, "వాళ్లింటి గొడవ, మనకెందుకు" అని ఊరుకుంటారు. విడిపోవాలా, కేసు పెట్టాలా అన్నది ఆమె తేల్చుకోవాల్సిందే. కానీ జీతం, సెలవు, గేటు మన చేతిలో ఉన్నవే. మీరు టీమ్ లీడో, హెచ్‌ఆరో అయితే ఇవి చేయండి.

1. ముందు వినండి

నలుగురికీ కనిపించే అద్దాల క్యాబిన్‌లో వద్దు. "ఏదైనా సాయం కావాలంటే చెప్పండి, మన మధ్యే ఉంటుంది" అంటే చాలు. "పిల్లల కోసం సర్దుకుపోండి" అనకండి. భర్తకు ఫోన్ చేసి పంచాయితీ అసలే పెట్టకండి. "ఈరోజే వచ్చేయండి" అని తొందరపెట్టడమూ తప్పే. ఇల్లు వదిలే రోజుల్లోనే ఆమెకు ప్రమాదం ఎక్కువ.

2. జీతం దారి మార్చండి

చాలా ఇళ్లలో ఆమె ఏటీఎం కార్డు ఆయన పర్సులో ఉంటుంది, ఓటీపీ ఆయన ఫోన్‌కు వెళ్తుంది. వేరే బ్యాంకులో, ఆయనకు తెలియని నంబరుతో ఖాతా తెరవమనండి. ఇక్కడో మెలిక ఉంది: పాత ఖాతాలో జీతం పడకపోతే ఆ రోజే ఆయనకు తెలిసిపోతుంది. అందుకే ఏ నెల నుంచి మార్చాలో ఆమెనే చెప్పనివ్వండి. పేస్లిప్ ఇంటి ల్యాప్‌టాప్‌లో తెరిచి ఉండే మెయిల్‌కు వెళ్తోందేమో చూడండి. పీఎఫ్ నామినీగా ఎవరున్నారో కూడా ఒకసారి చూసుకోమనండి.

3. రిసెప్షన్‌కూ, గేటుకూ చెప్పి ఉంచండి

ఆయన అరుస్తూ ఫోన్ చేయడు. "మేడమ్ ఉన్నారా అండీ? నేను వాళ్ల హస్బెండ్‌ని, ఫోన్ ఎత్తట్లేదు, కంగారుగా ఉంది" అని మర్యాదగా అడుగుతాడు. రిసెప్షన్‌లో అమ్మాయి మంచికే పోయి, "ఇప్పుడే క్యాబ్ ఎక్కారు సర్" అంటుంది. ఆయనకు అది చాలు. "స్టాఫ్ వివరాలు ఎవరికీ చెప్పమండీ, మీ నంబరు ఇవ్వండి" అనే ఒక్క జవాబును అందరికీ నేర్పండి. ఆమె ఒప్పుకుంటే ఆయన ఫొటో సెక్యూరిటీకి ఇవ్వండి. షిఫ్ట్ వేళలు, క్యాబ్ డ్రాప్ మార్చండి. టీమ్ ఫొటోలు స్టేటస్‌లో పెట్టొద్దని చెప్పండి, కారణం చెప్పక్కర్లేదు.

4. సెలవు

న్యూజీలాండ్‌లో 2019 నుంచి ఇలాంటి వారికి ఏడాదికి 10 రోజుల వరకు జీతంతో కూడిన సెలవు చట్టంలోనే ఉంది. మన దగ్గర అలాంటి చట్టం లేదు. ఉన్న సెలవులనే సర్దాలి. కోర్టు వాయిదాలు పని రోజుల్లోనే పడతాయి మరి. రికార్డులో "వ్యక్తిగత పని" అని రాస్తే సరిపోతుంది. అన్నట్టు, ఆమె ఇంకా ఆ ఇంట్లోనే ఉంటే వర్క్ ఫ్రమ్ హోమ్ ఇచ్చి ఉపకారం చేశామనుకోకండి. కొందరికి ఊపిరి ఆడేది ఆఫీసులోనే.

5. చట్టం, ఆఫీసు అడ్రసు

2005 నాటి గృహ హింస చట్టంలోని 18వ సెక్షన్ కింద, ఆమె పనిచేసే చోటికి ఆయన రాకుండా మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు. దరఖాస్తులో ఆఫీసు అడ్రసు కూడా రాయించమనండి. ఆదేశాన్ని మీరితే ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. లాయరు ఖర్చుకు భయపడితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగమనండి. ఆదాయంతో పని లేకుండా మహిళలకు న్యాయ సాయం ఉచితం, నంబరు 15100. తలదాచుకునే చోటు, కౌన్సెలింగ్ కావాలంటే 181కి గానీ, జిల్లాలోని సఖి కేంద్రానికి గానీ. గేటు దగ్గర గొడవ మొదలైతే ఆలోచించకుండా 112.

ఆయన ఆఫీసుకు వచ్చి వెళ్లిన ప్రతిసారీ తేదీ, టైమ్ విజిటర్ రిజిస్టర్‌లో రాయించండి. సీసీటీవీ ఫుటేజీని అదే వారంలో కాపీ చేయించి పెట్టండి. పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కేస్తుంది, లాయరు అడిగేసరికి ఏమీ మిగలదు.