పరుగు, గెంతు, విసురు: చిన్న తరగతుల్లో ఏం చూడాలి, ఎలా రాసుకోవాలి

ఒకే తరగతిలో కూర్చున్న ఇద్దరు పిల్లల మధ్య పది పదకొండు నెలల తేడా ఉండొచ్చు. కేవలం టేపు పట్టి మార్కులేస్తే వాళ్ల వయసుకీ, ఎత్తుకీ మార్కులు పడతాయి. అందుకే కదలిక ముందు, కొలత తర్వాత.

పీరియడ్‌కి ఒక్క అంశమే పెట్టుకోండి. కాగితం మీద పేర్లు, ఒక్కో పేరుకు నాలుగు గళ్లు, చూడాల్సిన ఒక్కో కదలికకు ఒక గడి. ఒక్కొక్కరికీ రెండు ప్రయత్నాలు; ఆ కదలిక రెండింట్లోనూ కనబడితే 1, లేకపోతే 0. ఒకసారి చేసి చూపించాక మాటసాయం వద్దు. మధ్యలో "చేతులు ఊపు" అంటే మీరు కొలిచేది మీ సూచననే.

ఎక్కువ పొరపాట్లు జరిగేది నిలబడి గెంతే లాంగ్ జంప్‌లో. పక్క నుంచి చూడండి. మోకాళ్లు వంచి చేతులు వెనక్కి తీసుకున్నారా? ఎగిరేటప్పుడు చేతులు విసురుగా ముందుకూ పైకీ వచ్చాయా? రెండు పాదాలూ ఒకేసారి నేల విడిచాయా, ఒకేసారి వాలాయా? చిన్నపిల్లలు ఒక కాలు ముందు వేసి దాటేస్తారు, దూరం బాగానే వస్తుంది, గడిలో మాత్రం 0. కొలత గీత నుంచి వెనకపడ్డ మడమ వరకు. వెనక్కి చెయ్యి ఆనిస్తే ఆ గెంతు లెక్కలోకి రాదు, మళ్లీ చేయించండి.

పరుగుకి 20 మీటర్లు చాలు. ముగింపు గీత దాటాక మరో 5 మీటర్ల దూరంలో కోన్ పెట్టి అక్కడిదాకా పరిగెత్తమనండి, లేకపోతే గీత ముందే వేగం తగ్గించేస్తారు. చూడాల్సింది వంగిన మోచేతులు, కాలికి ఎదురు చెయ్యి కదలడం, వెనక కాలు బాగా మడవడం, పాదం మొత్తం చప్పున నేలకు కొట్టకపోవడం. స్టాప్‌వాచ్‌ని విజిల్ విని కాదు, చేతి సంజ్ఞ చూసి నొక్కాలి. అయినా బొటనవేలి ఆలస్యం ఉంటుంది కాబట్టి 0.2 సెకన్ల తేడాతో ఎవరినీ ముందువెనకలు చేయకండి.

బంతి విసిరేటప్పుడు చిన్న గురి పెట్టొద్దు. గురి అనగానే పిల్లలు ఒళ్లు బిగించి మోచేతితో తోస్తారు. "గోడకు గట్టిగా కొట్టు" అనండి. కుడిచేతివాళ్లకు ఎడమకాలు, ఎడమచేతివాళ్లకు కుడికాలు ముందుకు పడాలి. నడుం తిరగాలి, వదిలాక చెయ్యి ఒంటికి అడ్డంగా కిందికి రావాలి.

నలుగురేసి వచ్చి చేస్తుండగా మిగతావాళ్లకు వేరే ఆట ఇవ్వండి. వరసగా నిలబడి చూస్తుంటే బిడియస్తులు కావాలనే తక్కువ చేస్తారు. ఫలితాలు పైకి చదవకండి.